మీటరు గేజి మీద పదిహేను రోజులు

మడకశిరవాళ్ళకు రైలంటే హిందూపురమే. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం అక్కడ ఎక్కింది మీటరు గేజి బండి. పట్టాల మధ్య ఒక్క మీటరు దూరం. చిన్న పెట్టెలు, ఎదురెదురు బల్లలు, మోకాళ్ళు తగిలేంత ఇరుకు. తర్వాత ఆ పట్టాలు తీసి పెద్ద గేజి వేశారు. మంచిదే, దూరాలు తగ్గాయి. ఆ చిన్న బండి ఊగుడు మాత్రం మా ఒళ్ళు మరచిపోలేదు.

అది ఇంకా బతికే ఉందని తెలిసిన నాడు మా సంతోషం చూడాల్సిందే! స్విట్జర్లాండు కొండల్లో జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా 291 కిలోమీటర్లు, అదే మీటరు గేజి. 291 వంతెనలు, 91 సొరంగాలు. ఆ దారిన నడిచే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌కు ఎనిమిది గంటలు పడుతుంది. 2,033 మీటర్ల ఎత్తున్న ఓబరాల్ప్ కనుమ ఎక్కేచోట పట్టాల నడుమ పళ్ళ కమ్మీ ఉంటుంది. ఇంజను కింది పళ్ళచక్రం ఒక్కో పన్నునూ పట్టుకుని, ఈతచెట్టెక్కే మనిషిలా, పట్టు వదలకుండా పైకి పోతుంది. పక్కనే ఫుర్కా కనుమ మీది పాత లైనులో స్టెఫెన్‌బాఖ్ వంతెన ఉంది. మంచుచరియలకు కొట్టుకుపోకుండా చలికాలం ముందు దాన్ని మడిచిపెడతారు, ఎండలొచ్చాక మళ్ళీ పరుస్తారు. ఇనుప వంతెనను ఏటా చాపలా చుట్టి దాచుకునే ఓపిక ఎంత గొప్పది!

అలాంటి దారిని ఒక్క పూటలో దాటేయడానికి మాకు మనసొప్పలేదు. అవే పట్టాల మీద ఊరూరా ఆగే ఎర్ర బండ్లున్నాయి. 1982 నుంచి ఆ దేశంలో గంటగంటకూ అదే నిమిషానికి బండి వచ్చేలా టైంటేబులు కట్టారు. నచ్చినచోట దిగిపోవచ్చు, తర్వాతి బండి తప్పక వస్తుంది. పదిహేను రోజుల పాసు తీసుకుందామనుకున్నాం.

రాత్రి భోజనాలయ్యాక మ్యాపు పరుస్తాం. వేయించిన చెనిక్కాయలు ఒలుస్తూ, రాత్రికొక గింజ చొప్పున ఊళ్ళ మీద పెడుతుంది ఆమె. బ్రిగ్ మీద ఒకటి, ఆండర్‌మాట్ మీద మూడు. ఓబరాల్ప్ పక్కనే రైను నది మొదలయ్యే తోమా చెరువుంది. పెన్నలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ చూసిన కళ్ళు మావి. “ఏరు పుట్టే చోటంట. ఆడ ఒక పూటన్నా కూర్చోవల్ల,” అంది. బ్రిగ్ గింజ తీసి నోట్లో వేసుకుని, ఆండర్‌మాట్ మీద నాలుగోది పెట్టింది.

ఫిలిజూర్ దగ్గర నా వేలు ఆగింది. 1902లో పూర్తయిన లాండ్‌వాసర్ వంతెన అక్కడే. 65 మీటర్ల ఎత్తు, ఆరు కమానులు, వంపు తిరిగిన రాతికట్టు. దాని చివర నిటారు కొండ, ఆ కొండలోనే సొరంగం. రాళ్ళ మధ్య పుట్టి పెరిగిన మాకు ఆ రాతిపని ఫొటోలో చూస్తేనే చేతులు జోడించాలనిపించింది.

“ఆ బండి ఎక్కితే వంతెన కనపడదు కదా,” అంది ఆమె. “కిందికి నడిచిపోయి నిలబడదాం. బండి పోతావుంటే చూద్దాం.”

“మరి ఎక్కేది?”

“మర్నాడు ఎక్కుదాం.”

ఫిలిజూర్ మీద రెండు గింజలు పెట్టింది.