పిడి మాత్రం మిగిలిన తలుపు

కాలేజీలో ముప్పై ఏళ్లు తత్వశాస్త్రం చెప్పాను. మసక చీకట్లో తాడు పాములా కనిపించడం, దీపం తేగానే పాము లేకుండా పోవడం... ఈ పాఠం ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు. రిటైరయ్యాక జాక్ తాతి తీసిన ‘ప్లేటైమ్’ చూసి, అందులో ఒక్క సీను దగ్గర ఆగిపోయాను.

1967 నాటి ఫ్రెంచి సినిమా అది. దానికోసం పారిస్ అంచున గాజు మేడలతో ఒక చిన్న నగరాన్నే కట్టించి తాతి అప్పులపాలయ్యాడు. పనులింకా పూర్తికాకుండానే తెరిచేసిన రాయల్ గార్డెన్ అనే రెస్టారెంట్ ఉంటుందందులో. తాతి తానే వేసిన ఉలో పాత్ర గాజు తలుపును గుద్దుకుంటే అది భళ్లున పగులుతుంది. డోర్‌మన్ చేతిలో గుండ్రటి పిడి ఒక్కటే మిగులుతుంది. పాపం, ఏం చేస్తాడు? ఆ పిడినే గాల్లో పట్టుకుని, వచ్చేవాళ్లకు లేని తలుపు తీస్తాడు, వేస్తాడు. వాళ్లూ దర్జాగా లోపలికి పోతారు.

ప్రాణమున్న మనిషి యంత్రంలా కదిలితే నవ్వొస్తుందని 1900లో ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ ‘నవ్వు’ అనే పుస్తకంలో రాశాడు. ఆ డోర్‌మన్ చెయ్యి అచ్చంగా యంత్రమే, ఒప్పుకుంటాను. కానీ నవ్వాలంటే గుండె కాసేపు మొద్దుబారాలని కూడా అంటాడాయన. అక్కడే నాకు పేచీ. కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతూనే, ఆ పిడి ఎక్కడ జారిపోతుందోనని అతని తరఫున నేను కంగారుపడ్డాను. తాతి ఎవరి ముఖాన్నీ దగ్గరగా చూపించి ‘వీణ్ణి చూసి నవ్వండి’ అనడు. విశాలమైన 70 ఎం.ఎం. తెర మీద అందరినీ ఒక్కసారే వదిలేస్తాడు. ఎవరిని చూడాలో మనమే వెతుక్కోవాలి. అలా వెతుక్కుని చూసిన మనిషిని ఎగతాళి చేయడం నావల్ల కాలేదు.

నా పాఠం లెక్కన అయితే ఎవరో ఒకరు దీపం పట్టుకొచ్చి, ‘అయ్యా, ఇక్కడ తలుపే లేదు’ అనాలి. తాతి ఆ దీపం తీసుకురాడు.

అలాంటి దీపం నేనొకసారి పట్టుకెళ్లాను. ఎం.ఏ. చదివే రోజుల్లో అమ్మ నైవేద్యం పెట్టి దేవుడి గదికి తెర వేస్తుంటే, ‘నిజంగా తింటాడా అమ్మా?’ అని గుమ్మంలోంచి అడిగాను.

‘ఎవరైనా తింటుంటే అలా గుడ్లప్పగించి నిలబడతార్రా? అవతలికి పో!’ అంది.

తర్కంలో అది జవాబే కాదు. అయినా వసారాలోకి వచ్చి, ఆవిడ తెర తీసేదాకా అక్కడే నిలబడ్డాను.