నిద్రకు మార్కులు వద్దమ్మా

అమ్మలూ,

కొత్త స్మార్ట్‌వాచీ కొన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ మొన్న ఫోన్లో నువ్వన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. "బాగానే పడుకున్నా అనుకున్నాను పెదనాన్నా, చూస్తే 62 మార్కులే వచ్చాయి. అప్పట్నుంచీ నీరసంగా ఉంది" అన్నావు. మార్కులు చూశాక వచ్చిన నీరసానికి మందేమిటో నాకు తెలియదు గానీ, వాచీ సంగతి కాస్త చెప్పగలను.

వాచీని కొంచెం పైకెత్తి అడుగున చూడు, ఆకుపచ్చ వెలుగు మిణుకుమిణుకుమంటుంది. ఆ రంగును రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద రక్తం పెరిగి, వెనక్కి వచ్చే వెలుగు తగ్గుతుంది. నాడి లెక్క అలా దొరుకుతుంది. దానికి తోడు చెయ్యి కదిలిందా లేదా అని కనిపెట్టే సెన్సర్ ఒకటి. కొన్నిట్లో చర్మం వేడి కూడా చూస్తారు. అంతే, మిగతాదంతా వీటి మీద కట్టిన ఊహ. నిద్ర ఏ దశలో ఉందో నిజంగా తెలియాలంటే స్లీప్ ల్యాబులో పడుకోబెట్టి, తలకు తీగలు అంటించి, మెదడు తరంగాలూ కనుగుడ్ల కదలికా గడ్డం దగ్గరి కండరాల బిగువూ రాత్రంతా నమోదు చెయ్యాలి. మణికట్టుకి ఇవేవీ అందవు. అందుకే మొత్తం ఎంతసేపు పడుకున్నావన్నది కాస్త అటూ ఇటూగా చెబుతుంది గానీ, గాఢ నిద్ర ఇన్ని నిమిషాలు అంటే మాత్రం పూర్తిగా నమ్మకు. కదలకుండా పడుకుని పైన తిరిగే ఫ్యానుకేసి చూస్తూ ఆఫీసు గొడవలు తలచుకుంటున్నా, అది నిద్ర కిందే జమ వేసేయగలదు.

నీ తరహా దిగులుకి పేరు కూడా పెట్టారు. 2017లో అమెరికాలో కెల్లీ బారన్ అనే నిద్ర పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు కలిసి 'ఆర్థోసోమ్నియా' అన్నారు. వాచీలో అంకె పెంచుకోవాలని మంచం మీద ఎక్కువసేపు దొర్లి, ఉన్న నిద్ర కూడా చెడగొట్టుకునేవాళ్ల గురించి రాశారు. ల్యాబులో గాఢ నిద్ర పట్టిందని తేలినా, మరి నా పట్టీ అలా అనలేదే అని అడిగిన మనిషి కూడా అందులో ఉన్నారు.

కాబట్టి పొద్దున్న లేవగానే ఆ యాప్ తెరవకు. మొహం కడుక్కుని, కాఫీ తాగి, ఒళ్లు ఎలా ఉందో ముందు నీకు నువ్వు చెప్పుకో. వాచీ లెక్కలు వారానికోసారి, ఆదివారం చూడు చాలు. అందులోనూ ఎన్నింటికి పడుకున్నావు, ఎన్నింటికి లేచావు అన్నదే నాకు ముఖ్యం. అమెరికా వాళ్లతో కాల్స్ ఉన్నాయి, రాత్రి ఒంటిగంట అవుతుందంటావు. సరే, ఒంటిగంటకే పడుకో, రోజూ ఆ వేళకే. ఏడు గంటలైనా పడుకుని లే. వారమంతా ఒక తీరుగా ఉండి ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటే, సోమవారం తల బద్దలవకుండా ఎలా ఉంటుంది? ఒంట్లో గడియారం ఉందన్నది మా కాలం వాళ్ల చాదస్తం కాదమ్మా. అదెలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురికి అదే 2017లో నోబెల్ ఇచ్చారు.

వాచీ నిజంగా పనికొచ్చేది అలవాట్లను పట్టి చూపించడానికి. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో కెఫీన్ సగం రాత్రి పదకొండుకి కూడా ఒంట్లోనే ఉంటుంది, చాలామందికి. రెండు వారాలు ఆ కప్పు మానేసి, ఎంతలో నిద్ర పడుతోందో నువ్వే చూసుకో. శుక్రవారం పార్టీల గురించి నేనేమీ అడగను, కానీ మందు పుచ్చుకున్న రాత్రి నాడి తొందరగా దిగి రాదు, వాచీ ఆ గుట్టు బయటపెట్టేస్తుంది. నిద్ర పట్టకపోతే మాత్రం వాచీలో టైము చూసుకుంటూ దొర్లకు. లేచి హాల్లో చిన్న దీపం వేసుకుని కూర్చో, కళ్లు వాలితే వెళ్లి పడుకో.

అసలు ఆ వాచీ నీకంటే మీ ఆయనకే ఎక్కువ అవసరం. సంక్రాంతికి వచ్చినప్పుడు విన్నాను, గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతోంది. కాసేపటికి ఉలిక్కిపడినట్టు గట్టిగా ఊపిరి లాగుతున్నాడు. పగలు భోజనం ముందు కూర్చునే తూగుతున్నాడు. ఇది స్లీప్ ఆప్నియా కావచ్చు. పట్టించుకోకపోతే బీపీ దాకా పోతుంది. 2024లో శాంసంగ్, ఆపిల్ వాచీల్లో ఈ లక్షణాలు పసిగట్టే సదుపాయానికి అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అయినా అది హెచ్చరించడం వరకే, రోగ నిర్ధారణ కాదు. వాచీ ఏమీ అనలేదు కదా అని ఊరుకోవద్దు. పల్మనాలజిస్టుకి చూపించు. గురకను ఒక రాత్రి ఫోన్లో రికార్డు చేసి పట్టుకెళ్లు, ఆ రంగురంగుల గ్రాఫుల కంటే డాక్టరుకి అదే బాగా ఉపయోగపడుతుంది. పరీక్ష అయ్యేదాకా ఊరికొచ్చేటప్పుడు కారు నువ్వే నడుపు, అతనికి ఇవ్వకు.

మీ పెదనాన్న