ఫోన్ ఉంది, ఎవరి చేతిలో?

2020 సెప్టెంబరు 1న తెలంగాణ సర్కారు బడుల పాఠాలు తెర మీదికొచ్చాయి. మూడు నుంచి పదో తరగతి దాకా దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో ఒక్కో తరగతికి ఒక్కో సమయం. టీవీ లేనివాళ్లకు ఫోన్‌లో యూట్యూబ్. వర్క్‌షీట్లు వాట్సాప్‌లో. అప్పుడు అందరం అడిగిన ప్రశ్న ఒకటే: ఎన్ని ఇళ్లలో ఫోన్ ఉంది? మా పరిగి నుంచి చూస్తే అది సగం ప్రశ్నే అనిపిస్తుంది.

టీవీ ఇంటిది. ఫోన్ ఒక మనిషిది. ఆ మనిషితో పాటే పొద్దున్నే పత్తి చేనుకో, కూలి అడ్డాకో, హైదరాబాద్ బస్సెక్కో వెళ్లిపోతుంది. రాత్రి తిరిగొచ్చేసరికి చార్జింగూ డేటా మిగలాలి. ఇక ఇంట్లో పదో తరగతి కొడుకు, ఏడో తరగతి కూతురు ఉన్నారనుకోండి. "అన్నకు పరీక్షలున్నయ్ గదా, నువ్వు తర్వాత చూస్కో" అంటుంది తల్లి. ఆమెది అన్యాయమా?

నేనలా అనలేను. అలాగని కూతురికి న్యాయం జరిగిందనీ అనలేను. తప్పు తల్లి నిర్ణయంలో లేదు. ఆ నిర్ణయం ఆమె నెత్తిన పడటంలో ఉంది.

కొడుకును ప్రైవేటుకు, కూతుర్ని సర్కారు బడికి పంపే ఇళ్లు లేవా అనొచ్చు. ఉన్నాయి. అయినా ఆ సర్కారు బడిలో ఆ పిల్ల చోటు ఆ పిల్లదే, అన్న అవసరం తీరాక మిగిలింది కాదు. 2009 విద్యాహక్కు చట్టం కూడా 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ హక్కిచ్చింది, ఇంటికొకటి చొప్పున పంచలేదు.

కోవిడ్ కాలం గడిచింది, హోంవర్క్ వాట్సాప్ గ్రూపులు మాత్రం ఉండిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. వాటితో చదువు ఎంత పెరిగిందన్నది వేరే చర్చ. పరికరం ఇంటిది కాదు, బిడ్డది అన్న ఆలోచన వరకు అది సరైనదే.

ఫోన్‌లో పాఠం నాకు చెడ్డదేం కాదు. క్లాసులో చెయ్యెత్తి అడగలేని పిల్ల అదే లెక్కను నాలుగుసార్లు ఆపి ఆపి చూసుకోవచ్చు. కాకపోతే అది రెండోసారి వినే పాఠం కావాలి. మొదటిసారి బడిలోనే అందాలి. ఇంటి ఫోన్ లేకపోతే చెయ్యలేని హోంవర్క్‌కి మార్కులు వెయ్యకూడదు. వేస్తే, మనం దిద్దుతున్నది పిల్ల నోట్‌బుక్‌ని కాదు, ఆ రాత్రి ఫోన్ ఎవరికి దక్కిందన్న సంగతిని.