నియతియు బాధ్యతయు

జరిగినదంతయు అట్లే జరుగవలసి యుండెనా? మఱియొక విధముగా జరుగుటకు వీలుండెనా? ఈ ప్రశ్న వేసికొనని మనిషి లేడు. పుట్టిన సీమను విడిచి వచ్చి పరభాషల నడుమ స్థిరపడిన కుటుంబములలో నిది మఱింత తఱచుగా వినబడును. తాత ఈ యూరికి రాకున్నచో, తండ్రి ఆ బడిలో చేర్పింపకున్నచో, అని పండుగనాడు పదిమందిమి కూర్చుండి లెక్కలు వేయుదుము.

మహాభారతమున ఆనుశాసనిక పర్వమునందు యుధిష్ఠిరుడు భీష్ముని నడిగినదియు ఇట్టి ప్రశ్నయే: దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా? భీష్ముడు వినిపించిన పూర్వసంవాదములో పురుషకారము పొలము వంటిదనియు, దైవము విత్తనము వంటిదనియు, రెండును కూడిననేగాని పంట లేదనియు సమాధానము గలదు. ఫ్రాన్సుదేశపు గణితజ్ఞుడు లాప్లాసు 1814లో వేఱొక మాట చెప్పెను. విశ్వమందలి సమస్త శక్తులను, సమస్త వస్తువుల స్థితిని ఒక్క క్షణమున నెఱిగిన బుద్ధి యున్నచో, దానికి భూతభవిష్యత్తులు రెండును కన్నులయెదుట నుండునని ఆయన తలంపు.

విశ్వమును వెనుకకు త్రిప్పి మరల నడిపి చూచుట యెవరి తరమును గాదు. కాని యొక చిన్న ప్రపంచమును అట్లు నడిపి చూచు విద్య మనకాలమున కంప్యూటరు శాస్త్రమునందు సిద్ధించినది. ఆ విద్య యేమో తెలిసికొన్నచో పై ప్రశ్నపై కొంత వెలుగు ప్రసరించునని మేము తలంచుచున్నాము.

ఒక కంప్యూటరు లోపల మఱియొక కంప్యూటరును, దాని ప్రాసెసరు, మెమరీ, డిస్కు మున్నగు అంగములతో సహా, ప్రోగ్రాము రూపమున కల్పించు సాధనమునకు ఎమ్యులేటరని పేరు. లోపలి యంత్రమునకు తాను కల్పితమను సంగతి సాధారణముగా తెలియదు. నిజమైన యంత్రమువలెనే పనిచేయును. ఇట్టి సాధనములలో ప్రసిద్ధమైనది ఫాబ్రిస్ బెల్లార్డు ప్రారంభింపగా 2003లో వెలువడిన క్యూఎమ్యూ. జరిగిన నడకను నమోదు చేసి, దానిని పొల్లుపోకుండ మరల నడిపించు సౌకర్యము దీనికి 2015 చివర చేరినది. డిస్కు పనులకు సైతము ఆ సౌకర్యము 2016లో విస్తరించినది. అంతకుమున్నే, 2002లో, మిషిగన్ విశ్వవిద్యాలయమువారు ఇట్టి పద్ధతినే రీవర్ట్ అను సాధనమున నమర్చి, యంత్రములోనికి దొంగతనముగా చొరబడినవాడు ఏ త్రోవను వచ్చి యేమి చేసెనో కనుగొనుటకు వినియోగించిరి.

ఈ విద్య యెందులకు కావలసివచ్చెను? ఒక యుదాహరణము చూతము. ఒక ఖాతాలో 500 రూపాయలు గలవు. ఒక పని ఆ పుటను చదివి, 200 చేర్చి, 700 అని డిస్కుపై వ్రాయ బంపినది. ఆ వ్రాత ముగియకమునుపే రెండవ పని అదే పుటను చదువగా పాత 500 కనబడినది. అది 100 తీసివేసి 400 వ్రాసినది. 600 ఉండవలసిన ఖాతాలో 400 మిగిలినది. డిస్కు కొంచెము త్వరగా ముగించినచో ఈ తప్పు జరుగదు. అందువలన తప్పు వందసారులలో ఒక్కసారి కనబడి, పరీక్షింపబోవునప్పటికి మాయమగును. డిస్కు ఏ క్షణమున పని ముగించునో ముందుగా చెప్పరాదు. దాని నడక వేడిమిపై, ఇతర పనుల రద్దీపై, మఱి యనేక కారణములపై నాధారపడి యుండును.

ఇచ్చట శాస్త్రజ్ఞులు చేసిన పని మన అంగళ్లలోని చిట్టాను పోలియున్నది. చిట్టాలో వచ్చినదియు, పోయినదియు వ్రాయుదుముగాని, కూడిక వేయుటలో మన వ్రేళ్లెట్లు కదలినవో వ్రాయము. అట్లే యీ యంత్రపు చిట్టాలోనికి లోపల జరిగిన ప్రతి గణనయు ఎక్కదు. అవి యెట్లును మొదటి స్థితినిబట్టి మరల నట్లే జరుగును. బయటినుండి వచ్చినవి మాత్రమే యెక్కును: ఇన్నవ ఆజ్ఞ ముగిసిన పిదప ఈ మీట నొక్కబడినది, గడియారము ఈ సమయము చెప్పినది, ఇన్నవ డిస్కు కోరిక ఇచ్చట ముగిసినది. డిస్కు ముగించిన పనులను వెంటనే లోపలి యంత్రమునకు తెలుపక, ఒక వరుసలో నిలిపి, నియమితమైన స్థానములలో మాత్రమే విడిచిపెట్టుదురు. ఆ స్థానమే చిట్టా కెక్కును. మరల నడిపించునప్పుడు డిస్కు ముందుగా జవాబిచ్చినను, ఆ జవాబు తన స్థానము వచ్చువఱకు గుమ్మమున వేచియుండవలసినదే. ఆలస్యమైనచో యంత్రమే దానికొఱకు వేచియుండును. అప్పుడు ఎవ్వరు మీట నొక్కినను లోపలికి చేరదు.

ఇందు రెండు నియమములు ముఖ్యములు. మొదటిది: డిస్కు మొదట నెట్లుండెనో తిరిగి అట్లే యుండవలెను. అందులకై మూలప్రతిని ముట్టక, క్రొత్త వ్రాతలను తాత్కాలికమైన వేఱొక పొరపై వ్రాయించి, పని ముగిసిన పిదప ఆ పొరను పాఱవేయుదురు. రెండవది: లోపలి ప్రోగ్రాములో ఒక్క యాజ్ఞను మార్చినను పాత చిట్టా దానికి సరిపడదు. లెక్కలు తప్పి నడక నిలిచిపోవును.

ఇట్లు నూఱుసారులు నడిపినను ఆ ఖాతాలో 400 మాత్రమే మిగులును. ఇదియే నియతి. అయినచో తప్పెవరిది? "అంతయు ముందే నిర్ణీతమైనది, తప్పను మాటకే తావు లేదు" అని యొకరనవచ్చును. కాని యంత్రమును పరీక్షించువాడట్లనుకొనడు. డిస్కు ఆలస్యముగా వచ్చుట తప్పుకాదు. అది డిస్కు స్వభావము. వ్రాత ముగియువఱకు వేచియుండవలసిన ప్రోగ్రాము వేచియుండకుండుట తప్పు. నడక నిర్ణీతమైనంతమాత్రమున తప్పు మాయము కాలేదు. నిలిచి చూచుటకు వీలైనది. బయటినుండి వచ్చిన విత్తనమేదో, లోపలి పొలమేదో చిట్టా విడదీసి చూపినది.

మానవుని విషయమునను ఈ విభజనము ధర్మమే. ఒకని నిందించుటకు ముందు అతని చిట్టాను చదువవలెను. అతనికి ఏ వార్త యేనాడు చేరెను? ఏ సాయము ఆలస్యమయ్యెను? మనకు నేడు తెలిసినది అతనికి ఆ క్షణమున తెలియునా? పిదప వచ్చిన జవాబును ముందే వచ్చినట్లు తలచి తీర్పు చెప్పుట అన్యాయము. చిట్టా చదివిన పిదపనే, వచ్చినదానితో అతడేమి చేసెనని యడుగ వలనుపడును.

అయితే యంత్రమునకును మనిషికిని ఒక్క భేదము గలదు. మా వాదమునకు అదియే మూలము. యంత్రమును మరల నడిపించువాడు దాని డిస్కును పూర్వస్థితికి తేగలడు. మనిషికి మూలప్రతి లేదు. పాఱవేయదగిన పొరయు లేదు. ప్రతి యనుభవమును మూలప్రతిపైననే వ్రాయబడును. తుదకు గతమును తలచుకొనుటయు ఒక వ్రాతయే. నిన్నటి తప్పును తెలిసికొన్నవాడు నేడు అదే సందర్భమున నిలిచినను, అతడు నిన్నటివాడు కాడు. కావున "నా స్వభావమే యింత, నేను మఱియొక విధముగా చేయలేను" అనువాడు, తెలిసికొనకముందటి తన స్థితిని తెలిసికొన్న పిదప సాక్ష్యముగా చూపుచున్నాడు. ఆ సాక్ష్యము చెల్లదు.

ఇచ్చట నియతివాది యూరకుండడు. "తెలిసికొనుటయు, మారుటయు కూడ కారణములచేత కట్టుబడినవే కదా!" యని యడుగును. కావచ్చును. మేము దానిని కాదనము. కారణములేని చేష్టకే బాధ్యత యుండునన్నచో ఆ బాధ్యతకు విలువ యేమున్నది? మనము కోరునది కారణరాహిత్యము కాదు. తెలివి చేష్టవఱకు చేరుట. చేరుటకు త్రోవయున్నంతవఱకు మనిషి జవాబుదారియే.

మన యిండ్లలోని మాట యొకటి చెప్పి ముగింతుము. "మాకు తెలుగు చదువుట యేల నేర్పలేదు?" అని మనుమలు అడుగుచున్నారు. "ఆ కాలమట్టిది" అని పెద్దలు బదులు చెప్పుచున్నారు. 1956లో రాష్ట్రములు భాషలనుబట్టి యేర్పడిన పిదప, సరిహద్దుల కీవల నిలిచిన కుటుంబములకు బ్రతుకుతెరువు స్థానికభాషతో ముడివడినది. బడిలో ఏ భాష, కచేరిలో ఏ భాష యను నిర్ణయములు బయటినుండి వచ్చినవి. అవి మన పెద్దలు చేసినవి కావు. ఆ చిట్టాను చదువక వారిని తప్పుపట్టుట మనుమలకు తగదు. కాని సాయంకాలమున అరగంట, ఇంటిలో నాలుగు పుస్తకములు, నోటిమాటగా ఒక కథ—వీనిని అడ్డగించినవారెవ్వరు? ఆ ప్రశ్న లోపలి పొలమునకు సంబంధించినది. పెద్దలు దానిని దాటవేయుట తగదు. మాలో పలువురము ఆ తప్పునకు లోనైనవారమే. ఒకరిని వేలెత్తి చూపుటకు మేమిది వ్రాయలేదు.

గతమును మరల నడిపించి ఆ పిల్లలకు అక్షరములు దిద్దింపలేము. మార్చిన ప్రోగ్రామునకు పాత చిట్టా సరిపడనట్లే, మాఱిన మనకు పాత దినములు తిరిగిరావు. గతము తప్పెచ్చట జరిగెనో తెలుపుటకు మాత్రము పనికివచ్చును. దిద్దుబాటు క్రొత్త నడకలోనే జరుగవలెను. మొన్నటివారు తెలియక వదలినదానిని, తెలిసిన మనము వదలినచో, "కాలమట్టిది" యను సమాధానము మనకు చెల్లదు. ఈ సంచికను చేతబట్టిన ప్రతి యింటను, ఈ రాత్రియే యొక పిల్లవానిని దగ్గఱకు పిలిచి, ఇందలి యొక్క పుటనైనను చదివించెదరుగాక.