పసిబిడ్డల బడి వేషము

జూన్ 12వ తేదీ సమీపించుసరికి రెండు తెలుగు రాష్ట్రములందును బట్టల దుకాణములు, దర్జీల ముంగిళ్ళు తల్లిదండ్రులతో నిండిపోవును. వేసవి సెలవులు ముగిసి బడులు తెరచు దినమది. ఆ సందడిలో నాలుగేండ్ల పసివానికి టై, బెల్టు, నల్లని తోలు బూట్లు కొనుచు మురిసిపోవు తండ్రి యొకడు కనబడును. ఇంత పసివానికి ఇవన్నియు నేల, వదులైన చొక్కాయు, ఎలాస్టిక్ పట్టీ గల నిక్కరును చాలవా యని గొణుగు తల్లియు కనబడును. ఒక్కొక్కప్పుడు వారిరువురును ఒకే యింటివారు. ఇది ఇంటి తగవే గాని పత్రికలో విచారింపదగిన విషయము కాదని కొందరనవచ్చును. కాని బిడ్డ ఇల్లు దాటి సంఘములో తొలి అడుగు పెట్టునపుడు సంఘము వానికి తొడుగు తొలి వేషమిది. ఆ వేషము వానికేమి నేర్పుచున్నదో అడుగుట బసవేశ్వరుని బాట నడచువారికి తగిన పనియే.

పాఠశాలలో అందరును ఒకే తీరున దుస్తులు ధరింపవలెననుటలో తల్లిదండ్రులకు పెద్దగా భేదాభిప్రాయము లేదు. భేదమంతయు ఆ దుస్తుల తీరును గూర్చియే. టై, బెల్టు, బూట్లు, ఇస్త్రీ మడతలతో కూడిన నిండు యూనిఫారము మేలని ఒక పక్షము. పసితరగతుల వరకైనను టీషర్టు, వదులు లాగు, చెప్పులతో సరిపెట్టు సాదా యూనిఫారము మేలని రెండవ పక్షము.

మొదటి పక్షమువారిని ఆడంబరప్రియులని తేలికగా తీసివేయువారు వారి మనస్సు నెరుగరు. తాను బడి ముఖము చూడక, ఇటుకలు మోసియో, కంది చేలలో కూలి చేసియో బిడ్డను చదివించు తల్లికి ఆ టై ఒక రక్షరేకు వంటిది. అది మెడలో నున్నంతసేపు తన బిడ్డను ఎవ్వరును చిన్నచూపు చూడరని ఆమె నమ్మిక. చిన్నతనమున చినిగిన లాగుతో వెనుక వరుసలో కూర్చున్న తండ్రి, తన కుమారుని చొక్కాను బెల్టులోనికి దోపి దూరముగా నిలిచి చూచుకొనునపుడు ఏనాటిదో ఒక బాకీ తీరినట్లు నిట్టూర్చును. సాదా దుస్తులు చాలునని చెప్పువారిలో పెక్కురు స్థితిపరులు, చదువుకొన్నవారు. వారి బిడ్డ బనీనుతో బడికి పోయినను వానిని బీదవాడని ఎవరును అనుకొనరు. లేమి నెరుగనివారికి నిరాడంబరత సులభము. ఈ భేదమును గుర్తింపక రెండు పక్షములను తక్కెడలో పెట్టుట న్యాయము కాదు.

అయినను టైకి ఈ గౌరవమెక్కడనుండి వచ్చినది? బడి వేషముల చరిత్ర విచిత్రమైనది. 1552లో లండను నగరమున క్రైస్ట్స్ హాస్పిటల్ అను పాఠశాల దిక్కులేని బీదపిల్లల కొరకు స్థాపింపబడినది. ఆ పిల్లలకిచ్చిన పొడుగాటి నీలపు కోటు ధర్మమునకు పెరుగుచున్న బిడ్డలకు గుర్తు. తరువాతి శతాబ్దములలో ధనికుల పాఠశాలలు తమ తమ వేషములను ఏర్పరచుకొనగా, ఒకనాటి దానపు గుర్తు దొరతనపు గుర్తుగా మారినది. ఆ చలిదేశపు వేషమే దొరల పాఠశాలల వెంట ఇచటికి వచ్చి, జూన్ ఎండలో జహీరాబాదు, తాండూరు, ఆదోని వీధులలో పసిపిల్లల మెడలకు చుట్టుకొన్నది. పైగా అది నిజమైన టై కూడ కాదు. ముడి దుకాణములోనే వేసియుండును, వెనుక ఎలాస్టిక్ తాడుండును. దాని ముడి వేయుట బిడ్డ ఎరుగడు, పెక్కు ఇండ్లలో తండ్రియు నెరుగడు. నల్లకోటు వృత్తిచిహ్నముగా గల న్యాయవాదులకే వేసవిలో హైకోర్టులు, సుప్రీంకోర్టు తప్ప తక్కిన న్యాయస్థానములలో కోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమములు సడలింపు నిచ్చినవి. పెద్దల వాదములకు అక్కరలేని బిగువు పసివాని అక్షరమాలకు అక్కరపడుట వింతయే.

నిండు యూనిఫారము సమత్వమును తెచ్చునని చెప్పుదురు. బడి గోడ లోపల అది కొంతవరకు సత్యము. గోడ దాటినంతనే ఆ సమత్వము తలక్రిందులగును. బస్సు ఆగుచోట ఉదయమున నిలిచిన పిల్లల మెడలను, బూట్లను చూచి ఎవరి బడి ఫీజు ఎంతయో చెప్పవచ్చును. లోపల అందరిని ఒకటి చేసిన వేషమే వెలుపల ఊరిపిల్లలను తరగతులుగా చీల్చుచున్నది.

గుర్తులు మనుష్యులనేమి చేయునో బసవేశ్వరుడు బాల్యముననే కనిపెట్టెను. ఆయన ఉపనయనమును నిరాకరించిన వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. ఆ జందెము ధరించినవాడు పుట్టుకచేత పైవాడని చూచువారికి చెప్పును. అందుచే ఆయనకది పనికిరాలేదు. అంతమాత్రముచే ఆయన గుర్తులన్నింటిని విడువలేదు సుమా. ఇష్టలింగధారణము గుర్తు కాక మరేమి? చర్మకారుడైన హరళయ్య ఎదపై నున్నది, చాకలి మాచయ్య ఎదపై నున్నది, బ్రాహ్మణ కులమునుండి వచ్చిన మధువరసుని ఎదపై నున్నది ఒకే లింగము. దానిని చూచి ధరించినవాని పుట్టుకను గాని సంపదను గాని పోల్చుకొనుటకు వీలులేదు. హరళయ్య కుమారునికి మధువరసుని కుమార్తె నిచ్చి వివాహము చేసినందుకు ఆ తండ్రులిరువురును బిజ్జలుని యాజ్ఞచే ప్రాణములర్పించిరి. 12వ శతాబ్దపు కల్యాణమున సమానమైన గుర్తుకు చెల్లించిన వెల అంతటిది. కనుక ఒకే తీరు దుస్తులు శరణ ధర్మమునకు విరుద్ధములని ఎవరును అనజాలరు. తేల్చుకొనవలసినది ఒక్కటే. ఆ దుస్తులు బిడ్డ అంతస్తును దాచుచున్నవా, చాటుచున్నవా?

దీనికంటె లోతైన ప్రశ్న మరియొకటి గలదు. అది బిడ్డ చేతులకు సంబంధించినది.

పెద్దల సభలలో ఈ మాట ఎత్తుటకు సంకోచింతురు గాని ఎల్.కె.జి. గదిలో ప్రతిదినము జరుగునది ఇది. పసివానికి మూత్రమునకు పోవలసి వచ్చును. అడుగుటకు బెదరి కొంతసేపు ఓర్చుకొనును. అనుమతి దొరికి పరుగెత్తిన తరువాత బెల్టు బకిలు వాని వ్రేళ్ళకు లొంగదు. దాని క్రింద కొక్కెము, దాని క్రింద జిప్పు. ఆయా మరియొక బిడ్డ పనిలో నుండును. ఇస్త్రీ చేసిన నిక్కరు తడిసిపోవును, మేజోళ్ళు, బూట్లు తడిసిపోవును. తోటిపిల్లలు నవ్వుదురు. ఆ దినమంతయు వాడు తల ఎత్తడు. సాయంకాలము ఇంటిలో తల్లి మందలించును. మరునాడు బడికి పోనని మొరాయించును. చదువనిన భయమని పెద్దలు తీర్పు చెప్పుదురు. తప్పు చదువుది కాదు, బకిలుది. తన బిడ్డ గౌరవము కొరకు కూలి డబ్బు పెట్టి కొన్న బెల్టే ఆ బిడ్డను పదిమందిలో అవమానపరచినదని ఆ తల్లికి ఎవరు చెప్పవలెను?

మరియా మాంటిస్సోరి 1907 జనవరిలో రోము నగరపు శాన్ లోరెంజో పేటలో కార్మికుల బిడ్డలకై పిల్లల ఇల్లు తెరచెను. ఆమె తయారు చేయించిన బోధనోపకరణములలో చిన్న చెక్క చట్రములు గలవు. ఒకదానికి బొత్తాములు, ఒకదానికి కొక్కెములు, ఒకదానికి ముడివేయు దారములు అమర్చియుండును. పిల్లలు వాటిని పెట్టుచు తీయుచు తమ బట్టలు తాము తొడుగుకొనుట నేర్చుకొనిరి. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. నేడు ఆమె పేరు బోర్డు మీద వ్రాసికొన్న బడులు వీధికొకటి కనబడును. వాటిలో ఎన్నియో పిల్లవాడు స్వయముగా విప్పుకొనలేని వేషమును వానికి తొడుగుచున్నవి.

శరణ సంప్రదాయమున లింగార్చన ఇతరులచే చేయించునది కాదు. తన అరచేతిలోని లింగమును తానే అర్చించుకొనవలెను. ఆకలి గొన్నవాడు తానే భుజించినట్లు భక్తుడు తన పూజను తానే చేసికొనవలెనని బసవేశ్వరుని బోధ. కాయకమనగా దేహముతో స్వయముగా చేయు పని. ఆ ధర్మమున పెరుగవలసిన బిడ్డకు తొలి కాయకమేది? తన చొక్కా తాను తొడుగుకొనుట, తన చెప్పులు తాను వేసికొనుట, విప్పిన బట్ట తాను మడతపెట్టుట. ఉదయమున తల్లి చేతిలో బొమ్మవలె నిలిచి తొడిగించుకొను బిడ్డకు ఈ కాయకము అందకుండ పోవుచున్నది. నిండు యూనిఫారము క్రమశిక్షణ నేర్పునని చెప్పువారు ఇది గమనింపవలెను. ఆ ఇస్త్రీ మడతలలో కనబడునది తల్లి క్రమశిక్షణ, బిడ్డది కాదు.

ఆడుబిడ్డ విషయము మరింత విచారకరము. మగపిల్లవాడు నిక్కరుతో గంతులు వేయును. వెనుక జిప్పు గల గౌనులోని బాలిక ఎవరో వచ్చి విప్పువరకు నిలువవలసినదే. క్రింద కూర్చున్నచో గౌను సవరించుకొమ్మని హెచ్చరిక, జారుడుబల్ల ఎక్కినచో మందలింపు. నాలుగేండ్లకే ఆమె తన దేహమును గూర్చి సిగ్గుపడుట నేర్చుకొనుచున్నది. స్త్రీలు పురుషులతో సమానముగా కూర్చుండి తత్త్వవిచారము చేసిన అనుభవ మంటపమును తలచుకొని గర్వించు సమాజము తన బాలికలకు కనీసము నడుమునకు ఎలాస్టిక్ గల లాగునైన ఈయవలదా?

ఇక వెల మాట. సాదా దుస్తులు తప్పక చౌకయని భావించుట పొరపాటు. నూలు గుడ్డ కొని దర్జీచే కుట్టించిన చొక్కాకు లోపల మడత వదలి, బిడ్డ పెరిగిన కొలది విప్పుకొనవచ్చును; అన్న తరువాత తమ్ముడు తొడుగును. బడి బొమ్మ ముద్రించిన టీషర్టు బడి చెప్పిన దుకాణములోనే దొరకును, నాలుగు ఉతుకులకు రంగు వెలయును. నిండు యూనిఫారముతోపాటు వారమునకొక దినము ఆట దుస్తులు, మరియొక దినము తెల్లదుస్తులు, తెల్ల కాన్వాసు బూట్లు కూడ కొనిపించు బడులున్నవి. తెల్లదుస్తుల ముందురాత్రి నీలిమందు పెట్టి ఉతుకునది తల్లియే. మడివాళ మాచయ్యను శరణునిగా కొలుచువారికి ఉతుకువారి శ్రమ లెక్కలోనికి రావలదా? 2017 ఏప్రిల్‌లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి తన బడులలో పుస్తకములు, యూనిఫారములు అమ్మరాదని హెచ్చరించెను. ఈ వేషము మనకు వచ్చిన ఇంగ్లండులోనే యూనిఫారముల ఖర్చు భరింపరానిదై 2021లో దానిని గూర్చి చట్టము చేయవలసి వచ్చినది. చెల్లాచెదరైన బియ్యము నేరుకొని వచ్చు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు మామూలుకంటె ఎక్కువ తెచ్చినపుడు భార్య లక్కమ్మ ఆ యెక్కువను తిరిగి ఇచ్చి రమ్మని పంపెను. ఆ ఇల్లాలు నేడు ఒక్కొక్క బిడ్డకు మూడు రకముల బూట్ల పట్టికను చూచినచో ఏమనునో ఊహించుట కష్టము కాదు.

ప్రభుత్వ పాఠశాలల వైపు చూడగా కథ వేరు. 2018లో ప్రారంభమైన సమగ్ర శిక్ష పథకమున బిడ్డకు ఏడాదికి రెండు జతల దుస్తులకు 600 రూపాయల పరిమితి ఏర్పరచిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో ఇచ్చిన కానుకలో మూడు జతల గుడ్డ, బూట్లు, మేజోళ్ళు, బెల్టు, సంచి ఉండెను. పసివాని నడుమునకు బెల్టు ఏలయని అప్పుడే అడుగవచ్చునే గాని, ఆ బెల్టును చేతికందుకొన్న తల్లి సంతోషమును పరిహసింపరాదు. కాన్వెంటు బిడ్డకున్నదెల్ల తన బిడ్డకు నున్నదని ఆమె తొలిసారి అనుకొన్నది. ఆ తృప్తిని ఆమెనుండి తీసికొనుటకు ముందు దానికి బదులుగా మరొక గౌరవమును చూపవలసియున్నది. కలవారి బడులు ముందుగా టై విడిచినచో బీదవారు దానిని కోరుట తానే తగ్గును. త్యాగము పైనుండి మొదలు కావలెను. క్రిందివారిని మాత్రము నిరాడంబరముగా నుండుమనుట కలవారికి వెల లేని ఉపదేశము.

సమత్వమునకు మెడ ఒక్కటే చోటు కాదు. తుమకూరు సిద్ధగంగ మఠమున శివకుమారస్వామి తమ సుదీర్ఘ జీవితకాలములో వేలాది బిడ్డలకు కులభేదము లేక అన్నమును, విద్యను ఉచితముగా నొసంగిరి. 2019లో లింగైక్యమందువరకు ఆయన కీర్తి ఆ దాసోహపు పంక్తివలననే వ్యాపించినది. పక్కపక్కన కూర్చుండి ఒకే ముద్ద తిన్న బిడ్డలకు, తాము సమానులని తెలియుటకు టై అక్కరలేకపోయినది.

వీరశైవ సమాజమువారు నడపు బడులలోనైనను, ఎనిమిదేండ్ల లోపు బిడ్డలకు ముందు బొత్తాములు గల నూలు చొక్కా, ఎలాస్టిక్ నడుము గల లాగు, పట్టీ చెప్పులు ఆడ మగ భేదము లేక ఏర్పరచవచ్చును. గుడ్డ రంగు మాత్రము చెప్పి, ఏ అంగడిలోనైనను కొనుక్కొమ్మనవచ్చును. టై కావలెనని పట్టుపట్టు తండ్రితో వాదింపనక్కరలేదు. బిడ్డను దుకాణమునకు తీసికొనిపోయి, ఆ వేషము తొడిగి, ఎవ్వరి సాయమును లేకుండ విప్పుమని చెప్పి, అక్కడి బల్లపై కూర్చుండి రెండు నిముషములు చూచినచో చాలును.