కట్లు విప్పవలసినది మనమే



లాజరును సమాధినుండి పిలిచిన ప్రభువు, కట్లు విప్పే పనిని చుట్టూ ఉన్నవారికి అప్పగించారు (యోహాను 11).

హెచ్.ఐ.వి.తో జీవిస్తూ, జైలు విడిచి కనిగిరికి తిరిగివచ్చే సోదరుణ్ణి తలచుకోండి. ప్రభుత్వం 2004 నుండి ఉచితంగా ఇస్తున్న ఏ.ఆర్.టి. మందులు జైలులో అతని చేతికి అందాయి. ఇక్కడ తానే చికిత్స కాగితాలతో ఏ.ఆర్.టి. కేంద్రానికి వెళ్లాలి. ఎవరైనా చూస్తారేమోనని వెళ్లడు. మందు ఆగితే క్రిమి మళ్లీ పెరుగుతుంది. ఆ మందుకే లొంగకపోవచ్చు. మానకుండా వాడి, రక్తపరీక్షకు కనబడనంతగా క్రిమి తగ్గితే, దాంపత్యంలో భార్యకు సోకదు.

అనుమతి లేకుండా అతని వ్యాధి సంగతి వెల్లడించరాదని 2017 చట్టం చెబుతోంది. మన నాలుకకు చట్టమొక్కటే చాలదు, ప్రేమ కావాలి. అతడు అడిగితే తోడు వెళ్లండి. విన్నది మీలోనే దాచుకోండి. జైలు తలుపు తెరిచింది. కట్లు విప్పవలసినది మనమే.

ప్రభువు మిమ్ము దీవించునుగాక.