మత్తడి మీది బస్తాలు

దిండి వాగు దిక్కు ఒక ఊరు. ఊరికి ఒక చెరువు. చెరువుకు రెండు తూములు, ఒక మత్తడి. కట్ట కింది పొలాలకు నీళ్లు ముందుగా పారేవి. ఆయకట్టు కొసన ఉన్న మడుల దాకా వచ్చేసరికి యాసంగి సగంలోనే చెరువు అడుగంటేది. కొసమడుల రైతులు ఆలోచించి ఆలోచించి ఒక ఏడు వానాకాలంలో మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చారు. మూరెడు ఎత్తు నీళ్లు అదనంగా నిలుస్తాయి. ఆ మూరెడు నీళ్లతోనే తమ యాసంగి గట్టెక్కుతుందని వాళ్ల లెక్క. కట్ట కింది వాళ్లు కూడా కాదనలేదు. ఎక్కువ నీళ్లు ఎవరికి చేదు?

నీరటి ఒక్కడే గొణిగాడు. "పెద్దలు మత్తడి ఊకనే కట్టలే" అన్నాడు. తూము తీసేదీ మూసేదీ తాతల నాటి నుంచి ఆ ఇంటివాళ్లే. అందుకు కల్లం కాడ వాళ్లకు ఇంత గింజ కొలిచేవాళ్లు. బోర్లు వచ్చాక ఆ గింజ కొలిచే ఆనవాయితీ పోయింది. దానితోపాటే నీరటి మాట వినే ఆనవాయితీ కూడా పోయింది.

ఆ ఏడు ముసురు పట్టింది. మూడు రోజులు తెరిపివ్వలేదు. నాలుగో రోజు పొద్దుగూకే వేళకు జీపులో ఒక ఇంజినీరు దిగాడు. పరాయి రాష్ట్రం మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. వెంట ఒక కుర్ర అసిస్టెంటు. వాడు పట్నంలో చదివాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు, తెలుగు మాత్రం పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతాడు.

ఇంజినీరు కట్ట పొడవునా నడిచాడు. బస్తాలు చూశాడు. కట్ట అడుగున ఒకచోట సన్నగా నీళ్లు ఊరుతుంటే అక్కడ కూర్చున్నాడు. మట్టికట్టకు చావు ఎక్కువగా రెండు తీర్ల వస్తుంది. పైనుంచి నీళ్లు పొర్లితే కోసుకుపోతుంది, లోపల బుంగ పడితే కూలిపోతుంది. ఊరే నీళ్లు తేటగా ఉన్నంతసేపు అంత భయం లేదు. మన్ను కలిసి వస్తే మాత్రం కట్ట లోపల ఖాళీ అవుతున్నదని లెక్క. ఇంజినీరు ఆ నీళ్లు దోసిట్లో పట్టి చూశాడు. ఎర్రగా ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారిపోయాక అరచేతిలో సన్నని మన్ను మిగిలింది.

హనుమాండ్ల గుడి అరుగు దగ్గర ఊరిని పోగుచేశారు. ఇంజినీరు ఇంగ్లీషులో గట్టిగా నాలుగు మాటలు అన్నాడు. కుర్రాడు తెలుగులో చెప్పాడు:

"కలుజు అవరోధానికి గురైనది. మీరు కేకును తినివేసి, అదే కేకును కలిగి ఉండలేరు. ఇప్పుడు బంతి మీ కోర్టులో ఉన్నది."

జనం ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. "కలుజంటే ఏంది తమ్మీ?" అన్నాడు ఒకాయన. "కేకెవరు తిన్నరే?" అని వెనకనుంచి ఒక పిలగాడు. సర్పంచి మాత్రం కోర్టు దగ్గరే ఆగిపోయాడు. అన్నదమ్ముల భూమి పంచాయితీ ఒకటి ఏండ్ల సంది కోర్టులో నలుగుతున్నది ఆయనకు. "సారూ, కోర్టుదాంక ఎందుకు? ఏమున్నా ఈడనే మాట్లాడుకుందాం" అన్నాడు చేతులు జోడించి.

కుర్రాడు తెలివితక్కువవాడేమీ కాదు. తన మాట ఎక్కడ తప్పిందో తెలిసింది. నీరటిని పక్కకు పిలిచాడు. "కాకా, అదీ కావాలె, ఇదీ కావాలె అనేటోళ్లను మీ దిక్కు ఏమంటరు?"

"అవ్వ గావాలె, బువ్వ గావాలె అంటం."

"నీళ్లు ఎక్కువైతే పొర్లిపోయే కాడ?"

"మత్తడి."

కుర్రాడు మళ్లీ అరుగెక్కాడు. "మత్తడికి అడ్డం బస్తాలు పెట్టిన్రు. అవ్వ గావాలె, బువ్వ గావాలె అంటే ఎట్ల?"

ఈసారి అందరికీ అర్థమైంది. అరుగంతా నవ్వులు. కట్ట కింది వాళ్లు కొసమడుల వాళ్ల దిక్కు చూసి నవ్వారు, బస్తాలు పెట్టింది వాళ్లే కాబట్టి. కొసమడుల వాళ్లు కట్ట కింది వాళ్లను చూసి నవ్వారు, ఏటేటా నీళ్లన్నీ మింగేది వాళ్లే కాబట్టి. "మంచిగ చెప్పిండు పిలగాడు" అని మెచ్చుకొని, గొంగళ్లు దులుపుకొని, ఎవరిండ్లకు వాళ్లు బయలుదేరారు. బస్తాలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

అరుగు కింద ఒక ముసలామె మాత్రం కదల్లేదు. కట్ట కింద మొదటి మడి ఆమెది. ఇల్లు కూడా ఆ పల్లంలోనే.

"బిడ్డా, కేకు నేను తినలే. అవ్వ సచ్చిపోయి ముప్పై ఏండ్లాయె. ఆ సారును ఒక్క మాట అడుగు. ఇంట్ల నా మన్మడున్నడు, రెండు బర్లున్నయి. ఈ రాత్రి ఆడ పండొచ్చునా?"

కుర్రాడు ఆ ప్రశ్నను ఇంగ్లీషులో పెట్టాడు. అప్పటిదాకా సామెతల్లో మాట్లాడిన ఇంజినీరు ఆమెను చూసి ఒక్క మాట అన్నాడు: "నో."

దాన్ని తర్జుమా చేయాల్సిన పని పడలేదు. పోతున్నవాళ్లు ఆగారు. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. కట్ట ఎంతసేపు ఆగుతుంది? ఇట్లనే కురిస్తే తెల్లారేదాకా. బస్తాలు అన్నీ ఒక్కసారే తీయాల్నా? వద్దు, ఒక కొస నుంచి మెల్లగా. కింది ఊరికి చెప్పాల్నా? ముందు ఆ పని చేయండి. కుర్రాడు అటు ఒక మాట, ఇటు ఒక మాట మోసుకుంటూ తిరిగాడు. ఒక్క సామెత కూడా వాడలేదు.

నడిజామకు మత్తడి దుంకింది. తీసిన బస్తాలనే తెచ్చి బుంగ చుట్టూ గుండ్రంగా పేర్చారు. లోపల నీళ్లు నిలిచి, ఆ నీళ్ల బరువుకు ఊట తగ్గింది. కట్ట నిలిచింది. కొసమడులు ఆ యాసంగి ఎండాయి, వాళ్లు ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉన్నారు. నీరటికి మళ్లీ గింజ కొలిచారా అంటే, ఒక్క ఏడు కొలిచారు.

నీతి

కేకు సామెతకు చాలా దేశాల్లో ఒక జోడు ఉంది. డెన్మార్క్‌లో కేకూ లేదు, అవ్వా లేదు: నోట్లో పిండి పెట్టుకొని ఊదలేవు అంటారు. ఫ్రెంచివాళ్లు వెన్నా కావాలి, వెన్న అమ్మిన డబ్బూ కావాలి అంటే ఎట్లా అంటారు. ఇటలీవాళ్లది కొంచెం కొంటెతనం: పీపా నిండుగా ఉండాలి, పెళ్లాం తాగి తూలాలి. మనకు అవ్వా బువ్వా. ఆ అవ్వ కూడా అంతటా ఒకరు కాదు. పాలమూరు, నల్లగొండ దిక్కు అవ్వంటే కన్నతల్లి, రాయలసీమలో నాయనమ్మో అమ్మమ్మో.

ఇంగ్లీషు నుంచి డేనిష్‌కు గానీ తెలుగుకు గానీ తర్జుమా నేర్పేవాళ్లు చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి ఇది: మాటకు మాట పెట్టకు, నానుడికి నానుడి వెతుకు. మంచి పాఠమే. అదైనా పాటిస్తే మన పత్రికల్లో దినామూ బంతులు కేంద్రం కోర్టులో, రాష్ట్రం కోర్టులో పడవు. టెన్నిస్ కోర్టు ఎన్నడూ చూడని పాఠకుడు ఆ వార్తను కేసు వార్త అనుకుంటే తప్పు ఆయనది కాదు.

అయితే ఆ ఊళ్లో నానుడికి సరైన నానుడి దొరికింది, పని మాత్రం కాలేదు. సామెత వినగానే ప్రతివాడికీ అది పక్కవాడి గురించే అన్నట్టు తోస్తుంది. అందుకే అందరూ నవ్వారు, ఎవరూ పార అందుకోలేదు. తర్జుమా అప్పటిదాకా ఒక్క దిక్కే నడిచింది, ఇంగ్లీషు నుంచి ఊరి వైపుకు. ముసలామె ప్రశ్న ఎదురు నడిచి ఇంజినీరు దాకా పోయాకే అసలు మాట బయటపడింది. వినేవాళ్ల ప్రశ్నను వెనక్కి మోసుకుపోని తర్జుమాను నేను సగం పనిగానే లెక్కగడతాను.

పాలమూరు, నల్లగొండ జిల్లాలకు ఒంటిదారి తర్జుమా కొత్త కాదు. నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో చెలక ఖుష్కీ అయింది, పొలం తరీ అయింది. ఈ మాటలు పహాణీల్లో చాలాకాలం నిలిచాయి. ఉర్దూ అక్షరం రాని రైతు కూడా భూమి పోతుందన్న భయంతో వాటిని బట్టీ పట్టాడు. మాట అధికారి నుంచి రైతు దాకా వచ్చింది, రైతు మాట అధికారి దాకా పోలేదు. ఇప్పుడు ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది, దాని పక్కన నిఘంటువు తెలుగు వచ్చి చేరింది. మత్తడిని కలుజు అని అచ్చేస్తే నల్లగొండ రైతుకు అదీ పరాయి మాటే. అలుగు, మరవ, కలుజు అన్నీ తెలుగే, ఒక్కో సీమలో ఒక్కోటి.

ఎదురు నడిచిన పని కూడా మన దగ్గర జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. వ్యవసాయ పదాలను సేద్యం చేసేవాళ్ల నోటనే అడిగి రాసుకున్నారు. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. ఆ పుస్తకాలు చాలా ఆఫీసుల బీరువాల్లో ఉన్నా తెరిచేవాళ్లు ఉండరని నా అనుమానం.

అన్నిటినీ తెలుగు చేయాలన్న పట్టుదల కూడా నాకు లేదు. ఇప్పటి వనపర్తి జిల్లాలో 1959లో పూర్తయిన సరళాసాగర్ సైఫన్లకు పేరుబడ్డది. నీళ్లు ఒక మట్టానికి రాగానే ఎవరూ తలుపులెత్తకుండానే సైఫన్లు నీళ్లను గుంజి కిందికి వదులుతాయి. వాటిని అక్కడి జనం సైఫన్లు అనే అంటారు. చూసినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది కాబట్టి దానికి తెలుగు వెతికే పని లేదు.  

మీ ఆఫీసులోనో బ్యాంకులోనో దవాఖానలోనో ఇంగ్లీషు కాగితాన్ని తెలుగు చేసే పని మీకు పడితే ఒక్కటి చేయండి. అచ్చుకు ఇచ్చేముందు, దాన్ని వాడబోయే మనిషికి ఒకసారి చదివి వినిపించండి. ఆ మనిషి మొదట అడిగే ప్రశ్నను రాసుకోండి. దాని జవాబును కాగితం మొదటి వరుసలో పెట్టండి.